సీతమ్మ నీడకు వచ్చిన ఆరు చెట్లు

వాలిన ఆకు కనిపిస్తే నా చెయ్యి ఊరుకునేది కాదు. ముప్పై ఏళ్లకు దగ్గరగా అదే నా ఉద్యోగం. ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియోలో గ్రీనరీ పని చేసేదాన్ని. సినిమాలో మీకు తోట కనిపించినా, అడవి కనిపించినా, హీరో ఇంటి మెట్ల పక్కన పూలకుండీలు కనిపించినా, వాటి వెనక మాలాంటి వాళ్లు ఉంటారు. కుండీలు మోసేది మేమే. కుండీ అంచు కనపడకుండా ఎండుటాకులు కప్పేది, దుమ్ము తుడిచి ఆకు మెరిసేలా చేసేది కూడా మేమే. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలూ, మీరు గ్రీన్ అంటే పచ్చగుడ్డ అనుకుంటున్నారు. గోడ పొడవునా పచ్చగుడ్డ కడతారు, అడవిని తర్వాత కంప్యూటర్‌లో పెట్టుకుంటారు. మంచిదే, నడుములు మిగులుతాయి. అయినా మీలో కొందరికైనా ప్రాణమున్న మొక్కను ముట్టుకునే రోజు వస్తుంది కాబట్టి నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను.

నేను చదివింది మూడో తరగతి. రాయడం నెమ్మది, కానీ చూసింది మరిచిపోను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను. కొందరు ఇంకా అక్కడే పనిలో ఉన్నారు. కొందరు తమను పొగిడితే కోప్పడే రకం.

మా రోజు ఎలా మొదలయ్యేదో ముందు చెప్పాలి. షిఫ్టు ఏడింటికైతే నేను రహమత్ నగర్ నుంచి నడుచుకుంటూ ఆరింటికే స్టూడియోలో ఉండేదాన్ని. లైట్ల వాళ్లు రాకముందే సెట్లో ఉన్న మొక్కలన్నీ చూసి, వాలిన ఆకులు గిల్లేయాలి. అది అయ్యాకే నీళ్లు, అది అయ్యాకే టీ. మా మేస్త్రి నాకంటే పదేళ్లు పెద్ద. మెదక్ దగ్గర పల్లెటూరి మనిషి. మొదటి రోజే నాతో అన్నాడు. "చెల్లె, నిలబడ్డ ఆకు బతికినట్టు, వాలిన ఆకు సచ్చినట్టు. నడిమిట్ల ఇంకోటి కెమెరాకు తెల్వది." ఆ మాట పట్టుకుని నేను ఎన్ని వేల ఆకులు గిల్లానో చెప్పలేను. చూపు పడగానే చెయ్యి వెళ్లిపోయేది. ఇంట్లో చుట్టాల పెళ్లికని మా ఆయన తెచ్చిన తమలపాకుల కట్టలో కూడా వాలినవి ఏరేసి తిట్లు తిన్నాను.

కొమ్మ బోసిగా ఉంటే ఇంకో పద్ధతి ఉండేది. సన్న తీగతో వేరే చెట్టు ఆకులు తెచ్చి కట్టేవాళ్లం. ఎక్కువగా నరమామిడి ఆకులే. జూబ్లీహిల్స్ బంగళాల గోడల వెంట నిటారుగా, బారులు తీరి నిలబడే చెట్టు ఉంది చూడండి, అదే. జనం దాన్నే అశోకం అంటారు. గట్టి ఆకు, లైట్ల వేడికి ఒక పూటంతా నిలుస్తుంది.

ఒకసారి మా స్టూడియోలో పౌరాణికం మొదలైంది. లంకలో సీతమ్మ కూర్చునే అశోకవనం సెట్ వెయ్యాలి. ఆర్ట్ డైరెక్టర్‌ను మేమంతా సార్ అనేవాళ్లం. కోనసీమ వైపు మనిషి, మాట మెత్తన, పట్టు గట్టిది. ఆయన మేస్త్రిని పిలిచి, "ఇన్నాళ్లూ ఆ తల్లిని ఏ చెట్టు దొరికితే ఆ చెట్టు కింద కూర్చోబెట్టేశామండీ. నా సెట్లో మాత్రం అసలైన అశోకం కిందే కూర్చోవాలి" అన్నారు.

"గేటు బైట వంద ఉన్నయి సార్, ఒక్క గంటల తెస్త."

"అవి కావు మేస్త్రీ. అవి నరమామిడి. అసలు అశోకం ఎప్పుడూ వాన తడి ఉండే అడవుల చెట్టు. పడమటి కనుమల్లో, వాగుల పక్కన, పెద్ద చెట్ల నీడలో పెరుగుతుంది. పువ్వు కొమ్మ చివర కాదు, మొద్దుకే పూస్తుంది. గుత్తులు గుత్తులుగా, నారింజ రంగులో."

మేస్త్రి నా వైపు చూశాడు. మొద్దుకు పువ్వులు పుయ్యడమేంటన్నట్టు. అప్పటికి మేమిద్దరం కలిసి ఎన్ని అడవులు కట్టామో. నిజమైన అడవిలో కాలు పెట్టిన వాళ్లం మాత్రం కాదు.

సార్ ఎవరెవరినో అడిగి ఒక అవ్వ జాడ కనుక్కున్నారు. కనుమల అంచున చిన్న వక్కతోట ఆమెది. తోట దాటితే అడవే. లారీ మాట్లాడుకుని, సారూ మేస్త్రీ నేనూ వెళ్లాం. చలికాలం వెళ్లిపోతున్న రోజులు. ఇక్కడ మనకు అప్పటికే గాలి పొడిగా తగులుతోంది. అక్కడ దిగగానే చీర చెంగు తేమకు బరువెక్కింది.

అవ్వ పుట్టింది బళ్లారి వైపు, అందుకని తెలుగు వచ్చు. సన్నగా, వంగిపోయి, చేతులు మాత్రం చెట్టు వేర్లలా ఉన్నాయి. పెరట్లో గోనెసంచుల్లో ఆరు అశోకం మొక్కలు. మొక్కలంటే చిన్నవి కావు, నా తల కంటే జానెడు ఎత్తు. ఐదేళ్లు పెంచిందట. పొడవాటి సన్న ఆకులు, ముదురు పచ్చగా, గట్టిగా ఉన్నాయి. నేను అలవాటుగా వాలిన ఆకు కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

ఆ ఆరింటికి ఒక కథ ఉంది. ఆమె తోట వెనక వాగొడ్డున పెద్ద అశోకాలు ఉండేవి. బెరడు మందుకు పనికొస్తుందని ఎవరో వచ్చి మొద్దు చుట్టూ ఒలుచుకుపోయారు. చుట్టూ ఒలిస్తే చెట్టు బతకదు కదా. ఒక్కొక్కటే ఎండిపోయాయి. చివరిది చచ్చిపోయే ముందు కాసిన కాయల్లోంచి గింజలు ఏరి అవ్వ మొలకెత్తించింది. మిగిలినవి ఆరు. వానలు మొదలు కాగానే వాటిని మళ్లీ ఆ వాగొడ్డునే నాటాలని ఆమె కోరిక.

ఇదంతా విన్నాక ఇక ఆమె ఇవ్వదనుకున్నాం. సార్ మెల్లగా విషయం చెప్పారు. అవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగింది. "ఏ సీతమ్మ?"

"రాములవారి సీతమ్మేనండీ."

"మా చెట్టు కింద కూర్చుంటాదా?"

"దీని కిందే కూర్చుంటుంది."

అవ్వ ఒక మొక్క ఆకు మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత, "కిరాయి గిరాయి వద్దు. కానీ వానలకు నాకు ఆరూ ప్రాణంతో తిరిగి రావల్ల. నీళ్లు పోసేది ఎవురు?" అంది.

"నేనే అవ్వా" అన్నాను.

"అట్లయితే మాట నువ్వియ్యి. వాళ్లు కాదు."

సార్ అంతటి మనిషి పక్కన నిలబడి ఉండగా ఆమె చెయ్యి నా ముందుకు చాపింది. నేను చేతిలో చెయ్యి వేశాను. ఆరు తీసుకుపోతున్నాను, ఆరు తెస్తాను అన్నాను. నా జీవితంలో అంతవరకు ఎవరూ నన్ను మాట ఇమ్మని అడగలేదు. పని చెప్పడం వేరు, మాట అడగడం వేరు.

ఆ రోజు అవ్వ మమ్మల్ని అడవిలోకి తీసుకెళ్లింది. అవి ఎలాంటి చోట బతుకుతాయో చూస్తే గానీ పెంచలేవు అంది. మిట్టమధ్యాహ్నం లోపల మసక చీకటి. ఆకాశం ఎక్కడో పైన చిల్లులు పడ్డ గొడుగులా ఉంది. వాన లేదు, అయినా చినుకులు పడుతున్నాయి, ఆకుల మీద నిలిచిన తేమ జారి. కింద నేల మెత్తగా, అడుగు వేస్తే పరుపు మీద వేసినట్టు. రాళ్ల మీద, మొద్దుల మీద, చివరికి ఆకుల మీద కూడా నాచు. పెద్ద చెట్ల మొదళ్లు గోడల్లా విచ్చుకుని ఉన్నాయి. వాటి మధ్య నుంచి వాగు పెద్ద చప్పుడు చెయ్యకుండా పోతోంది. మేస్త్రి చెప్పులు చేత్తో పట్టుకుని, పిక్కల మీద పాకుతున్న జలగను చూసి, నా వైపు తిరిగాడు.

"ఏంది చెల్లె, అడివంటే గింత గలీజుగ ఉంటదా? ఒక్క చెట్టు సక్కగ నిలబడలే. మన సెట్టే మంచిగుంటది."

అవ్వకు ఆ మాట అర్థమై పకపక నవ్వింది.

నేను నవ్వలేదు. నాకు భయం పట్టుకుంది. ఈ నీడనూ ఈ తేమనూ ఫిల్మ్ నగర్ బండల మధ్యకు ఎలా తేవాలి?

తెచ్చానండి, నాకు చేతనైనంత. స్టూడియోలో పాత షూటింగ్ ఫ్లోర్ వెనక రెండు పెద్ద బండలున్నాయి, వాటి మీదుగా నిద్రగన్నేరు చెట్టు కొమ్మలు కప్పుకుని ఉంటాయి. ఆ నీడలో ఆరింటినీ పెట్టించాను. పైన వల, చుట్టూ తడిపిన గోనెపట్టాలు వేలాడదీసి, కింద బేసిన్లలో నీళ్లు. మధ్యాహ్నం గాలి మొదలైతే గంటకోసారి పట్టాలు తడిపేదాన్ని. మధురానగర్ నుంచి వచ్చే మేకప్ అమ్మాయి ఒకతి అటుగా వెళ్తూ, "అక్కా, మీ చెట్లకు మా హీరోయిన్ కంటే మంచి కేరవాన్ ఉంది" అనేది. నెల దాకా ఒక్క ఆకు రాలలేదు. పండగ రోజు కూడా నేను ఇంట్లో లేను.

షూటింగ్ ఇంకా వారం ఉందనగా ఒక పొద్దున మామూలుగా ఆరింటికి వెళ్లాను. గోనెపట్టా తీశాను. ఒక చెట్టు కొమ్మల చివరన ఆకులన్నీ వేలాడుతున్నాయి. ముందు రోజు సాయంత్రం అక్కడ మొగ్గల్లాంటివేవో ఉన్నాయి, నేను పట్టించుకోలేదు. ఇప్పుడు కుచ్చులు కుచ్చులుగా, రాగి రంగులో, తడిసిన గుడ్డపీలికల్లా నిలువునా కిందికి. ఒక్కదానికీ పట్టు లేదు.

నేను ఆలోచించలేదు. అదే చెప్పాలనుకుంటున్నాను మీకు. భయపడి, ఎవరినన్నా అడుగుదామా అని తచ్చాడి చేసిన తప్పు కాదు. చెయ్యి తిరిగిన పని కాబట్టి చేసిన తప్పు. స్టూలు వేసుకుని ఎక్కాను. అరగంటలో వాలినవన్నీ గిల్లేశాను. ఎక్కడన్నా మిగిలాయేమోనని దిగి, చుట్టూ తిరిగి చూసి, మళ్లీ ఎక్కి కొనలు కూడా తుంచేశాను. గంపెడు అయింది. మేస్త్రి వచ్చేసరికి చెట్టు శుభ్రంగా ఉంది.

"వాలినయా?"

"వాలినయన్నా. అన్నీ ఏరేసిన. జబ్బు మిగతావాటికి పాకకముందే సూసిన."

"మంచిపని జేసినవ్" అన్నాడు. ఆ రోజంతా నాకు గర్వంగానే ఉంది.

మూడో రోజుకు ఆ చెట్టు పాత ఆకులు కూడా రాల్చడం మొదలుపెట్టింది. నాలుగో రోజు పొద్దున గోనెపట్టా తీస్తే రెండో చెట్టు కొనలన్నీ వేలాడుతున్నాయి. మళ్లీ స్టూలు వేసుకున్నాను. ఈసారి మొదటి కుచ్చును గిల్లబోతూ, ఎందుకో వేళ్ల మధ్య పట్టుకుని ఆగాను.

చచ్చిన ఆకు మీకు తెలుసు. పలచగా, వెచ్చగా ఉంటుంది, నలిపితే కాగితంలా చప్పుడవుతుంది. ఇది చల్లగా ఉంది. మెత్తగా, నిండుగా, లోపల నీరున్నట్టు. ఇలాంటి మెత్తదనాన్ని ఇంతకు ముందు ముట్టుకున్నాను, ఎక్కడా అని ఆలోచిస్తే, నా చిన్న కూతురు పుట్టిన రోజు దాని చెవి ముట్టుకున్నప్పటిది గుర్తొచ్చింది. స్టూలు మీదే కూలబడి అవ్వకు ఫోన్ చేశాను.

"అవ్వా, చెట్లకు ఏమో అయితుంది. కొసలన్ని ఎర్రగయి కిందికి ఏలబడ్డయి."

అటువైపు అవ్వ గొంతులో సంతోషం. "చిగురేసినాయా? అప్పుడే? నీ చేతిలో ఏముందో పాపా, ఇక్కడ కూడా ఇంత తొందరగా వెయ్యవు."

"చిగురు ఏలబడతదా అవ్వా?"

"అశోకం చిగురు అట్లే పుడుతుంది. కుచ్చులు జారేసినట్లు. పది దినాలకు పచ్చబడి, గట్టిబడి, లేస్తుంది. పుట్టిన బిడ్డ మెడ నిలుపుతుందా?"

నేను ముగ్గురు పిల్లల తల్లిని.

"పాపా, ఉండావా?"

"ఒక చెట్టుకు నేను అంత గిల్లేసినవ్వా."

ఫోన్లో అవ్వ వెనక కోడి కూత మాత్రం వినిపించింది. "కొనలు కూడానా?" అంది చివరికి.

"కొసలు గూడ."

"ఎన్నిటికి?"

"ఒక్కదానికే. కానీ నువ్వు జెప్పలే గదా అవ్వా గిట్ల అయితదని."

"వాన పడితే తడుస్తామని ఎవురన్నా చెప్తారా పాపా?" అంది, కోపం లేకుండానే. తర్వాత గొంతు మారింది. "ఇంక ఐదుండాయి. వాటి మీద చెయ్యి వెయ్యొద్దు. ఎవురినీ వెయ్యనియ్యొద్దు."

షూటింగ్ రోజు వచ్చేసరికి ఐదు చెట్లూ తలలు వాల్చాయి. గిల్లిన చెట్టుకు కింది కొమ్మన నాలుగు పాత ఆకులు మాత్రం మిగిలాయి. సెట్లో ఆరింటినీ నిలబెట్టారు. ఎర్రటి లైట్ల ముందు కుచ్చులు ఇంకా జాలిగా కనిపించాయి. సార్ పొద్దున్నే వచ్చి, చుట్టూ చూసి, చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టేశారు.

"ఏంటమ్మా ఇది? ఇన్ని రోజులు పెంచింది ఇందుకా?"

"ఇవి సావలే సార్. చిగురు ఇది."

"చిగురంటే నిలబడుతుంది. నాకు చెప్తావా? కోనసీమలో పుట్టినవాణ్ణి, చెట్ల మధ్యే పెరిగాను."

"గీ చెట్టుది గిట్లనే పుడతదట సార్. పది దినాలకు లేస్తది. అవ్వ జెప్పింది."

"పది రోజులు షూటింగ్ ఆపమని డైరెక్టర్ గారికి నువ్వు చెప్తావా?" అని, మేస్త్రి వైపు తిరిగారు. "మేస్త్రీ, ఆ వేలాడేవన్నీ తీయించేయండి. నరమామిడి ఆకులు కట్టించండి. గంటలో అయిపోవాలి."

మేస్త్రి అప్పటికే తీగచుట్టతో, రెండు మోపుల నరమామిడి కొమ్మలతో సిద్ధంగా ఉన్నాడు. నా పక్కకొచ్చి గొంతు తగ్గించి, "చెల్లె, పెద్దోళ్లతోని మనకేంది? జర పక్కకు జరుగు. నౌకరి ఉంటె ఇసొంటి చెట్లు వెయ్యి సూస్తం" అన్నాడు.

నేను జరగలేదు. ధైర్యం అనుకోకండి. అవ్వకిచ్చిన మాట అడ్డమొచ్చింది. గిల్లిన చెట్టు దగ్గరకు వెళ్లి దాని కొమ్మ పట్టుకున్నాను.

"ఆకులు కట్టాల్నంటే చిగురంత దులపాలె సార్. దులిపితే ఏమైతదో ఇగో ఇది సూడుండ్రి. దీన్ని గిట్ల జేసింది నేనే. తెల్వక జేసిన. ఇప్పుడు తెల్సింది. తెల్సినంక ఐదింటిని సెయ్యనీకె నా చేతులు రావు. ఇంకెవరితోనన్న జేయిస్తె అవ్వకు మొకమెట్ల సూపియ్యాలె?"

సెట్లో అందరూ ఆగి చూస్తున్నారు. లైట్ల వాళ్లు నిచ్చెన మీదే ఉండిపోయారు. సార్ మొహం ఎర్రబడింది. ఇంటికి పంపేస్తారనే అనుకున్నాను. ఆయన గిల్లిన చెట్టు దగ్గరకొచ్చి, ఆ నాలుగాకులను చూశారు. తర్వాత వేలాడే కుచ్చు ఒకటి చేతిలోకి తీసుకున్నారు. నేను ఆగినట్టే ఆయనా కాసేపు అలాగే పట్టుకుని ఉన్నారు.

"చల్లగా ఉందే" అన్నారు, ఎవరితో కాకుండా.

ఆ తర్వాత కెమెరామన్‌తో ఏదో మాట్లాడి తిరిగొచ్చారు. "సీతమ్మ వెనక ఒక్క చెట్టు కనిపిస్తే చాలు. మిగతా చోట్ల మనకున్న మామూలు మొక్కలు పెట్టండి. ఆ ఐదింటినీ బయట నీడలోకి తీసుకుపోండి." నా వైపు చూడకుండానే, "ఆ ఒక్కటి ఏదో నువ్వే చెప్పమ్మా" అన్నారు.

ఏదని చెప్పాలి? ఒక్కటే ఉంది చెప్పడానికి. దులపడానికి ఏమీ మిగలని చెట్టు అదే.

కాబట్టి నా చేతులతోనే ఆ చెట్టుకు నరమామిడి ఆకులు కట్టాను. కొమ్మ కొమ్మకూ కణుపులు తడుముకుంటూ, మొగ్గ వచ్చే చోటు తప్పించి తీగ చుట్టాను. మామూలుగా గంటలో అయ్యే పని రెండు గంటలు పట్టింది. మేస్త్రి కింద నిలబడి ఆకులు అందిస్తూ ఉన్నాడు. తొందరపెట్టలేదు. ఒకసారి మాత్రం, "తీగ బిగియకు, మల్ల ఇప్పాలె" అన్నాడు. అన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. ఎప్పుడూ బిగించమనే చెప్పేవాడు.

షాట్ అయింది. సీతమ్మ వేషం వేసిన అమ్మాయి చెట్టు మొదట్లో కూర్చుని, పైకి చూసి, "ఇది నిజమైన చెట్టేనా సార్?" అని అడిగింది. "అవునమ్మా, అశోకం" అన్నారు సార్. చెట్టు నిజమైనదే. ఆకులు దానివి కావు. నేను గోడ వారన నిలబడి తల దించుకున్నాను. తర్వాత సినిమా థియేటర్లో చూశాను. ఆ చెట్టు తెర మీద ఉన్నది కనురెప్ప కొట్టినంతసేపు. దాని ముందు సీతమ్మ కన్నీళ్లు ఉంటే చెట్టును ఎవరు చూస్తారు?

సాయంత్రం తీగలన్నీ నేనే విప్పాను. తర్వాత రెండు సినిమాలకు సార్ నన్ను పిలవలేదు. మూడోదానికి పిలిచారు. పిలవనప్పుడూ పిలిచినప్పుడూ కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఐదు చెట్ల కుచ్చులు అవ్వ చెప్పినట్టే పది రోజుల్లో రంగు మారాయి. రాగి రంగు పోయి లేత ఆకుపచ్చ, తర్వాత ముదురు. ఒక పొద్దున చూస్తే అన్నీ గట్టిపడి, నిటారుగా నిలబడి ఉన్నాయి, ఎప్పుడూ వాలనే లేదన్నట్టు.

తొలి వానలకు లారీలో ఆరింటినీ ఎక్కించుకుని వెళ్లాం. దారి పొడవునా అవ్వకు ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. అక్కడికి వెళ్లాక ఒక్కటీ పనికిరాలేదు. అవ్వ లారీ వెనక్కి వచ్చి ఒక్కొక్క చెట్టునూ తడిమింది. ఐదు దాటి ఆరోదాని దగ్గర ఆగింది.

"సీతమ్మ దేని కింద కూర్చునింది?"

"దీని కిందనే అవ్వా."

"ఈ నాలుగాకుల కిందనా?"

అంతా చెప్పాను. వేరే చెట్టు ఆకులు కట్టిన సంగతి కూడా. అవ్వ గోటితో కొమ్మ మీద చిన్నగా గీరింది. లోపల పచ్చగానే ఉంది. మమ్మల్ని వెంటబెట్టుకుని వాగు వెంబడి అడవిలో చాలా లోపలికి తీసుకుపోయింది. బెరడు ఒలిచేవాళ్లు చేరలేని చోట, రెండు పెద్ద బండల మధ్య ముసలి అశోకం ఒకటి ఉంది. వాన జోరుగా పడుతోంది. ఆ చెట్టు నిండా రాగి రంగు కుచ్చులు. వాన వాటి మీద పడి, ఎక్కడా ఆగకుండా, జారి వాగులో కలుస్తోంది. ఒక్క లేతాకు చిరగలేదు. నిలబడి ఉంటే ఆ వానకు ఎన్ని ముక్కలయ్యేవో.

"పురుగు కూడా ఇది చచ్చిన ఆకు అనుకొని పక్కకు పోతాది. మీరూ అట్లే అనుకొన్నారు" అంది అవ్వ.

మేస్త్రి తడుస్తూ, చాలాసేపు దాన్నే చూశాడు. "మనం పురుగు కన్న ఎక్కువేం గాదు చెల్లె" అన్నాడు. అడవి గలీజుగా ఉందని ఈసారి అనలేదు.

ఐదింటినీ వాగొడ్డున నాటాం. నేను ఆరో గుంత తవ్వబోతే అవ్వ ఆపింది. "ఇది ఇప్పుడు వాగు పొంగితే నిలవదు. దీనికి రోజూ చూసే మనిషి కావల్ల. తీసుకపో. నువ్వు ఆరు తెస్తానంటివి, ఐదు తెచ్చినావు. ఇది చిగురేసిన దినం చెప్పు. అప్పుడు ఆరు తెచ్చినట్లు."

తిట్టి ఉంటే ఒక రోజు ఏడ్చి మరిచిపోయేదాన్ని.

స్టూడియోకు తెచ్చి పాత ఫ్లోర్ వెనక, అదే నిద్రగన్నేరు నీడలో, బండల మధ్య నాటాను. పక్కనే నీళ్ల సంపు, పొంగినప్పుడు నీరు అటే పారుతుంది. సెట్ పని ఎక్కడున్నా మధ్యాహ్నం ఒకసారి వచ్చి గోటితో గీరి చూసుకునేదాన్ని. గీరి గీరి ఆ కొమ్మ మీద గాట్లు పడ్డాయి. పచ్చగా ఉండేది. చిగురు మాత్రం లేదు. శ్రావణం వెళ్లింది, వినాయకుడి పందిళ్లు వచ్చి పోయాయి. నాలుగాకులు రెండయ్యాయి. మేస్త్రి అటు వచ్చినప్పుడల్లా ఏమీ అడగకుండా ఒక చెంబు నీళ్లు పోసి వెళ్లేవాడు.

దసరాకు ముందు ఒక పొద్దున, ఆరింటికి, పై కొమ్మ చివర రాగి రంగు కుచ్చు ఒకటి వేలాడుతూ కనిపించింది. దాని పక్కన ఇంకొకటి. అరచెయ్యంత కూడా లేవు.

నేను కేక పెట్టలేదు. మేస్త్రి కోసం పరుగెత్తాను. ఆయన వచ్చి చూసి, ఎవరూ దగ్గరకు రాకుండా చెట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "పొద్దుగాల పొద్దుగాల వచ్చేటోళ్లందరు నీ అసొంటోళ్లే. చేతులు ఊకోవు" అని, సెట్ పెయింటర్‌ను పిలిపించి ఒక చెక్క మీద రాయించాడు: ఈ ఆకులు బతికే ఉన్నాయి, ముట్టుకోవద్దు. ఆ పెయింటర్ జీవితమంతా పోలీస్ స్టేషన్లు, జిల్లా కోర్టులు, ప్రభుత్వ ఆసుపత్రులు అని సెట్లకు బోర్డులు రాసినవాడు. ఆయన రాసిన బోర్డుల్లో నిజం చెప్పింది నాకు తెలిసి అదొక్కటే. చెక్క పాతబడితే రెండుసార్లు మార్చారు. చెట్టు ఇప్పుడు నిద్రగన్నేరు కింది కొమ్మను అందుకుంది. మొద్దుకు పువ్వులు కూడా పూస్తోంది. నేను పని మానేశాక కూడా ఏటా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, చెట్టు వాడిపోతోందక్కా అని.

ఆ పొద్దున బోర్డు రంగు ఆరకముందే అవ్వకు ఫోన్ చేశాను.

"అవ్వా, ఆరోది తల వాల్చింది."



"నీడ ఉందా?"

"ఉన్నది."

"తడి?"

"ఉన్నదవ్వా."

"అయితే ఆరు తెచ్చినావు" అంది. "ఇంక పది దినాలు దాని పక్క చూడొద్దు. చూస్తే చెయ్యి ఊరుకోదు."

చూడకుండా ఉండలేకపోయాను. రోజూ ఆరింటికే వెళ్లాను. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.